తాగని కహ్వా, అడిగిన జామమొక్క

కదిరి బస్సు ఈ పొద్దు కూడా ఎందుకు కదల్లేదని వచ్చినోళ్ళంతా నన్నే అడుగుతాండారు. కండక్టర్ను నేనే గదా, ఇంకెవర్ని అడుగుతారు! చెప్తా వినండి. ఇంజను విప్పి షెడ్డులో గోనెపట్టాల మీద పరిచిపెట్టినారు. బిగించేవాడు లేడు. ఎందుకు లేడంటే, హైదరాబాదులో ఒక పెద్దాయన ఇంట్లో నేను ఒక కప్పు కాఫీ తాగలేదు. అంతే! దానివల్లనే మీరంతా మూటాముల్లే ముందర పెట్టుకోని ఈ రంగప్ప టీ అంగట్లో కూర్చోనుండారు.

ఏమప్పా సుబ్బన్నా, నవ్వుతాండావు? నాకే ఇంకా తల తిరుగుతాండాది. మొదటినుంచి చెప్పుకుంటా వస్తే తప్ప ఏది యాడ తప్పిందో నాకే తెలియదు. రంగప్పా, నాకొక టీ ఇయ్యి. చెప్పుకుంటా తాగుతా.

మన షెడ్డు మెకానిక్కు అవద్ మీకందరికీ తెలుసు. పొడుగ్గా ఉంటాడు, గళ్ళ లుంగీ, తలకు గుడ్డ, చేతికి ఎప్పుడూ గ్రీజు. ఆ పిల్లోడిది హైదరాబాదు. చార్మినార్ దాటి ఇంకా దక్షిణంగా పోతే బార్కస్ అని ఒక పేట ఉండాది. నిజాం దగ్గర కాపలా పనికని అరబ్బు దేశం నుంచి ఓడెక్కి వచ్చిన సిపాయిలు ఆడ బారక్సుల్లో ఉండేవాళ్ళంట. అదే పేటకు పేరైంది. ఇప్పుడు నిజామూ లేడు, సిపాయి పనులూ లేవు. తాతలు కత్తులు పట్టినారు, మనవళ్ళు జామతోటలు పెట్టుకున్నారు. అయినా తిండీ, కట్టూ, మర్యాదలూ మాత్రం తాతలు ఓడ దిగిననాటివే. ఈ మర్యాదలే నా కొంప ముంచినాయి.

అవద్‌కు నాయన చిన్నప్పుడే పోయినాడు. చిన్నాయన సాకినాడు. వీడు ఆయన్ను చాచా అంటాడు. చాచాకు జామతోట ఉండాది. తోట చూసుకోరా అంటే వీడికి ఇంజన్ల పిచ్చి. ఒక దినం మాటా మాటా పెరిగి, చెప్పకుండా రైలెక్కి మన ఊరికి వచ్చేసినాడు. ఏండ్లయిపోయింది. వీడు ఈడుండాడని ఆయనకు తెలుసు. అయినా వీడు పోలేదు, ఆయన పిలవలేదు. ఇద్దరికీ రోషమే.

రోషంతో ఊరకుండొచ్చు గానీ చాచాకు ఒక కూతురుండాది. మనం మేనమామ కూతుర్ని చేసుకున్నట్ల వాళ్ళల్లో చిన్నాయన కూతుర్ని చేసుకుంటారు. ఆ పిల్ల వీడికేనని చిన్నప్పటినుంచీ ఇంట్లో అనుకున్నదే. వీడికి ఆ పిల్ల మీద ప్రాణం. బస్సు కింద పండుకోని నట్లు బిగిస్తా కూడా ఏదో గొణుక్కుంటాంటాడు. నేను మొదట్లో నట్లను తిడుతాండాడనుకున్నా.

ఇట్లుండగా మన బస్సు గేర్ బాక్సులో పళ్ళచక్రం విరిగింది. ఆ చక్రం హైదరాబాదులో తప్ప దొరకదంట. ఓనరు నన్ను పిలిచి, "నర్సిములూ, పోయి పట్టుకోని రాపో" అన్నాడు. ఆ మాట అవద్ చెవిన పడింది. సాయంత్రం నన్ను షెడ్డు వెనక్కు పిలుచుకపోయినాడు.

"అన్నా, మా చాచా ఇంటికి ఒక్కసారి పోయి రా. నా సలాం చెప్పు. నా పేరెత్తినప్పుడు ఆయన మొగం ఎట్లుంటాదో చూసి రా. అంతే."

"పెండ్లి మాట కూడా కదిలించేదా?"

"అయ్యయ్యో! ఆ మాట మాత్రం ఎత్తొద్దన్నా! కోపంలో ఉంటే వద్దంటాడు. ఒకసారి ఆయన వద్దన్నాడంటే ప్రాణం పోయినా మాట తిప్పడు. నా బతుకు ఆడికి సరి. ముందర మొగం చూసి రా. మొగం బాగుంటే అప్పుడు పెద్దమనుషుల్ని పంపుకుంటా."

ఆ పిల్లోడి కండ్లల్లో నీళ్ళు తిరిగినాయప్పా. నేను వాడి చెయ్యి పట్టుకోని, పిల్ల మాట నోటెంబడి రానియ్యనని ఒట్టు పెట్టినా. ఆ ఒట్టు కూడా గుర్తు పెట్టుకోండి.

తరవాత నాకు వాళ్ళ మర్యాదలన్నీ నేర్పించినాడు. చెప్పులు గడప అవతలే విడవల్ల. కుడిచేత్తోనే తినల్ల. అందరూ ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చోని తింటారు, మన ముందర ఉండేదే తినల్ల, అవతలోడి పక్కకు చెయ్యి పోనియ్యగూడదు. కాఫీని కహ్వా అంటారు, పాలుండవు, అల్లం ఘాటుంటాది. చాలనుకుంటే కప్పు అట్లా ఇట్లా ఆడించి ఇవ్వల్ల, లేకుంటే పోస్తానే ఉంటారు. కడాకు సాంబ్రాణి మాదిరి పొగ తెస్తారు. పొగ వచ్చిందంటే ఇంక లేచి రావల్ల. బత్తలపల్లి, ముదిగుబ్బ, కదిరి అని స్టాపులు గుర్తు పెట్టుకున్నట్ల అన్నీ వరసగా గుర్తు పెట్టుకున్నా.

గుంతకల్లులో బండి మారి కాచిగూడలో దిగినా. చక్రం కొన్నా. అది చంకలో పెట్టుకోని, అడుక్కుంటా అడుక్కుంటా బార్కస్ చేరినా. అబ్బా, ఏమి పేటప్పా అది! హైదరాబాదులో ఉండామా, ఓడెక్కి యాడికన్నా వచ్చేసినామా అనిపించింది. అందరూ అవద్ మాదిరే పొడుగు, అందరికీ గళ్ళ లుంగీలే. అరుగుల మీద ముసలోళ్ళు కూర్చోని ఉర్దూలో మొదలుపెట్టి అరబ్బీలో ముగిస్తాండారు. ఒక ఇంట్లో పెద్ద గిన్నెలో గోధుమలూ మాంసమూ వేసి తెడ్లతో మెదుపుతాండారు, ఆ వాసనకే నా కడుపు లేచి కూర్చునింది. ఇండ్ల వెనక అన్నీ జామచెట్లు. పచ్చగా! మన కండ్లకు అంత పచ్చదనం అలవాటు లేదు గదా, నేను నోరు తెరుచుకోని నిలబడినా.

చాచా ఇల్లు చూపించినారు. తెల్ల గడ్డం, నిటారుగా వెదురుబొంగు మాదిరి మనిషి. అనంతపురం నుంచి వచ్చినానంటే చాలు, చెయ్యి పట్టుకోని లోపలికి పిలుచుకపోయినాడు. తోటలో కూలోళ్ళతో మాట్లాడి మాట్లాడి ఆయనకు తెలుగు బాగా వచ్చు. చాప మీద కూర్చోబెట్టినాడు. పక్కన ఇంకో ఇద్దరు పెద్దమనుషులు. నేను చెప్పులు బయటే విడిచినా. కుడి కాలితో గడప దాటినా. అంతా ఒప్పుగా పోతాండాది!

పెద్దాయన తన చేత్తోనే కూజా వంచి, పిడి లేని చిన్న కప్పులో కహ్వా పోసి నా చేతికిచ్చినాడు. నేను తీసుకున్నా. కింద పెట్టినా.

అవునప్పా, కింద పెట్టినా! మనం అంతే గదా చేసేది? మన ఊర్లల్లో చేంతాడు అడుగంటితే గానీ బొక్కెనలో నీళ్ళు రావు. ఆడోళ్ళు బిందె మీద బిందె పెట్టుకోని యాడనుంచో మోసుకోని వస్తారు. అట్లాంటిది ఒకరింటికి పోయి ఇచ్చిన వెంటనే గటగటా తాగేస్తే ఏమంటారు? ఎన్నాళ్ళనుంచి దప్పిక మీదుండాడో పాపం అంటారు. మాయమ్మ నాకు మాటలు రాకముందే నేర్పించింది: "ఇచ్చినది కింద పెట్టు. 'ఇప్పుడెందుకులే' అను. వాళ్ళు తాగు తాగు అంటారు. బాగా అననీ. అప్పుడు తాగు." ఇది మన మొగమాటం. దీంట్లో తప్పేముండాది చెప్పండి!

కింద పెట్టి, తాగమంటారు గదా అని ఎదురుచూస్తాండా.

ఎవరూ అనలేదు.

పెద్దాయన కూజా పట్టుకున్న చెయ్యి గాల్లోనే నిలబడిపోయింది. పక్కనున్న ఇద్దరూ నోటి దాకా తీసుకున్న కప్పులు కింద పెట్టేసినారు. ముగ్గురూ నా కప్పునే చూస్తాండారు. నేను కూడా వంగి చూసినా, ఈగ ఏమన్నా పడిందేమోనని. ఈగ లేదు. అల్లం వాసన గుమ్మని కొడతాండాది. దప్పికతో నాలుక అంగిట్లో అంటుకపోయింది. అయినా ఎవరూ తాగమనరే!

నా మర్యాద సరిపోలేదేమో అనుకున్నా. కప్పును ఇంకొంచెం ముందరికి జరిపినా.

అంతే, ఆ ఇద్దరిలో ఒకాయన లేచి గబగబా బయటికి పోయినాడు.

"చెప్పు బేటా. నీకేం గావాలె?" అన్నాడు పెద్దాయన.

"ఏమీ లేదండీ. ఏమీ వద్దు."

మన దగ్గర 'ఏమీ వద్దు' అంటే ఏమి అర్థం? ఇంకోసారి బలవంతం చెయ్యండి అని. ఆ పెద్దాయన మాత్రం గడ్డం నిమురుకున్నాడు. "సిగ్గుపడకు. చిన్నదా, పెద్దదా?"

చిన్నదా పెద్దదా ఏందప్పా? కప్పా? నాకేమీ అర్థం కాలేదు. "ఏదైనా సరే" అన్నాను.

ఇంతలో బయటికి పోయినాయన వెనకాల అయిదారుగురు పెద్దోళ్ళను పిలుచుకోని వచ్చినాడు. వచ్చినోళ్ళు సలాం చెప్పి గోడకానుకోని కూర్చున్నారు. వాళ్ళూ నా కప్పునే చూస్తాండారు! లోపలి గది పరదా వెనక గాజుల చప్పుడు. ఒక కప్పు కాఫీ తాగమనడానికి ఈ పేటలో ఇంతమందిని పిలుస్తారా అనుకున్నా. ఇదేం మర్యాదరా దేవుడా, మా అత్తగారింట్లో పెండ్లినాడు కూడా నన్ను ఇంతమంది బతిమాలలేదు!

పెద్దాయన తలగుడ్డ సరిచేసుకున్నాడు. అందరి మొగాలూ చూసినాడు. ఎద మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మీరంతా సాక్షి. ఈ మనిషి ఏం పని మీద నా ఇంటికొచ్చిండో, నా దగ్గరున్నది ఏదైనా సరే, ఇచ్చిన. నా జబాన్, నా మాట. ఇగ తాగు" అన్నాడు.

హమ్మయ్య, తాగమన్నాడు! నేను కప్పు మీద చెయ్యి వేసినా. పక్కాయన నా చెయ్యి పట్టుకున్నాడు. చెవిలో, "అరె, ముందు అడగవయ్యా! ఆయన ఇచ్చిన అన్నంక నువ్వు ఏదీ అడగకుంటే ఆయన ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు.

అడగల్నా? ఏమడగల్ల? నా తలకాయలో ఒకటే మాట గిర్రున తిరుగుతాండాది. పిల్ల మాట ఎత్తొద్దు, పిల్ల మాట ఎత్తొద్దు. ఒట్టు పెట్టినా గదా! పిల్ల కాకుండా ఏదో ఒకటి అడగల్ల. కిటికీలో నుంచి చూస్తే జామతోట. పచ్చగా. అంతే, నోటికొచ్చేసింది.

"ఒక జామమొక్క."

పరదా వెనక ఏదో ఇత్తడి పళ్ళెం దబీమని కింద పడింది. పెద్దాయన నా వైపు వంగినాడు.

"జామమొక్క?"

"అవునండీ. మా ఊర్లో లేవు."

"అంతేనా?"

"అంతే."

"తాగు" అన్నాడు. తాగినా. చల్లగా అయిపోయింది.

తరవాత పెద్ద పళ్ళెం వచ్చింది, అందరితో కలిసి నా ముందర ఉండేదే తిన్నా, బాగా తిన్నా. నన్ను చూడటం, ఒకరినొకరు చూసుకోవడం. పొగ వచ్చేలోపల నా అసలు పని గుర్తుకొచ్చింది. "అవద్ మీకు సలాం చెప్పమన్నాడు" అన్నాను. పెద్దాయన పళ్ళెంలో నుంచి చెయ్యి తీసుకున్నాడు. "వానికి కాళ్ళు లెవ్వా?" అన్నాడు. మొగం చూద్దామంటే తల వంచుకున్నాడు. ఏమి మొగమో నాకేమి తెలుస్తాది!

మొక్క అంటే మీరేమనుకుంటాండారు? జానెడు మొక్క అనుకున్నా నేను. నోటితో ఇచ్చిన అన్నాక చిన్నది ఇస్తే పరువు తక్కువంట. తోటలో మంచిది చూసి, పెద్దాయనే పార పట్టి, వేళ్ళ చుట్టూ మట్టి రాలకుండా తవ్వి, తడిగోనెలో కట్టి నా భుజం మీద పెట్టినాడు. నా నడుం దాకా ఉండాది చెట్టు! మట్టిగడ్డ బరువు గేర్ చక్రం కంటే ఎక్కువ. "పానం లెక్క చూసుకో. నేనొచ్చి చూస్తా" అన్నాడు. రైల్లో దాని గోనె కారి కారి ఒకాయన పరుపుచుట్ట తడిసింది. ఆయన తిట్లు కర్నూలు దాకా సాగినాయి. టికెట్ కలెక్టరు నన్ను చూసినాడు, చెట్టును చూసినాడు, ఏమడగల్నో తెలియక వెళ్ళిపోయినాడు.

షెడ్డు వాకిట్లోనే అవద్ నిలబడుండాడు. "అన్నా, మొగం ఎట్లుండె?"

నేను జరిగిందంతా చెప్పినా, కహ్వా కింద పెట్టినకాడినుంచి. అవద్ మొగంలో రంగులు మారుతాండాయి. 'ఏదైనా సరే ఇచ్చిన' అన్నాడని చెప్పంగానే ఎగిరి నా భుజాలు పట్టుకున్నాడు.

"ఇచ్చిన అన్నాడా! అందరి ముందరా! మరి నువ్వేమడిగినావన్నా?"

"ఇదో" అని చెట్టు చూపించినా.

అవద్ పాత టైరు మీద కూలబడిపోయినాడు. "మాలో కప్పు తాగకుండా కింద పెట్టినారంటే, నాకొక అక్కర ఉండాది, అది తీరేదాకా నీ ఇంట్లో నీళ్ళు కూడా ముట్టనని అర్థమన్నా. ఇంటాయన కాదనగూడదు. పిల్లను అడగడానికి వచ్చేవాళ్ళు ఎక్కువగా అట్లనే చేస్తారు."

"మరి ఆ ముక్క నాకు ముందరే చెప్పగూడదా?"

"కహ్వా ఇస్తే తాగకుండా పెట్టేవాడు లోకంలో ఉంటాడని నాకేమి తెలుసు!"

"నువ్వే గదా పిల్ల మాట ఎత్తొద్దంటివి! సరే, మళ్ళీ పోతా. మళ్ళీ కింద పెడతా."

"ఒకే మనిషి ఒకే గడపలో మళ్ళీ పెట్టగూడదు" అన్నాడు. అని తలకాయ పట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది. వాడి పెండ్లి నా చేతిలోకి వచ్చింది, నేను దాన్నిచ్చి చెట్టు తెచ్చుకున్నా!

ఇంటికి పోతే ఇంకో కథ. మా నారాయణమ్మ చెట్టును కిందనుంచి మీదికి చూసింది. "దీనికి నీళ్ళు ఎవరు పోస్తారు?" అనింది. "మనమే." "మనకెవరు పోస్తారు?" వాకిట్లో గుంత తీసి నాటినా. బియ్యం కడిగిన నీళ్ళు దానికే, మొగం కడిగిన నీళ్ళు దానికే. మేకలు రాకుండా చుట్టూ ముళ్ళకంప. అయినా మన ఎండకు, మన గాలికి అది తట్టుకుంటాదా? రోజుకొక ఆకు పసుపుపచ్చగా తిరిగి రాలిపోతాండాది. అవద్ పొద్దున్నే వస్తాడు, దాని ముందర మునికాళ్ళ మీద కూర్చుంటాడు, ఉండే ఆకులు చూసుకోని షెడ్డుకు పోతాడు. ఆ మొక్క ఎండిపోతే తన పెండ్లీ ఎండిపోయినట్లే అని వాడికి పట్టుకునింది. ఈ దిగుల్లోనే నేను తెచ్చిన చక్రం వేసేదానికని మన బస్సు ఇంజను విప్పినాడు, దిగుల్లోనే బిగించడం మరిచినాడు.

మొన్న శుక్రవారం పొద్దున, నేను పండ్లు తోముకుంటాంటే ముళ్ళకంప దగ్గర ఎవరో వంగుండారు. తెల్ల గడ్డం! చాచా! అవద్ అప్పుడే వచ్చి నిలబడుండె, ఆయన్ను చూసినాడో లేదో ఒక్క దూకు దూకి మా వంటింట్లోకి దూరి తలుపు వెనక నక్కినాడు. పెద్దాయన నాకు సలాం కూడా చెప్పలేదు. ఆకు తిప్పి చూసినాడు. మట్టి తీసి నలిపినాడు. వాసన చూసినాడు. "హూఁ" అన్నాడు.

లోపల కూర్చోబెట్టినా. నారాయణమ్మ మంచి పాలతో కాఫీ కలిపి ఇత్తడి లోటాలో తెచ్చి ఇచ్చింది. పెద్దాయన తీసుకున్నాడు.

కింద పెట్టినాడు!

"తాగండి సామీ, చల్లారిపోతాది" అనింది నారాయణమ్మ. ఆయన కదల్లేదు. "తాగండి, బెల్లం కూడా ఎక్కువేసినా." అయినా తాగలేదు. "ఏమి, పాలు పొగ వాసన వస్తాండాయా?" అంటా లోటా ఎత్తబోయింది. నేను దాని చెయ్యి పట్టుకున్నా.

"ఉండే! నీకు తెలియదు. ఇది వాళ్ళ మర్యాద!"

నాకు తెలుసప్పా! ఇప్పుడు నాకంతా తెలుసు! పెద్దాయన అంత దూరం నుంచి వచ్చి నా ఇంట్లో కప్పు కింద పెట్టినాడంటే దేనికి? మీ అవద్‌ను నాకియ్యండి, నా కూతురికి చేసుకుంటా అని అడగడానికే గదా! వాకిట్లోకి పరిగెత్తి పక్కింటోళ్ళను కేకేసినా. వచ్చి గోడకానుకోని కూర్చోండి, కూర్చోండి అన్నాను. వాళ్ళకేమీ అర్థం కాలేదు, కూర్చున్నారు. తువ్వాలు తలకు చుట్టుకున్నా. ఎద మీద చెయ్యి పెట్టుకున్నా.

"మీరంతా సాక్షి! నా కాడ ఉండేది ఏదైనా సరే, ఇచ్చినా!"

"నీ కాడ ఏముండాది?" అనింది నారాయణమ్మ వెనకనుంచి. నేను పట్టించుకోలేదు. వంటింటి తలుపు కిర్రుమనింది.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఆ జామమొక్క నాకియ్యి" అన్నాడు.

"మొక్కా?"

"మొక్కనే. సచ్చిపోతున్నది. సూడలేకపోతున్న."

తలుపు వెనక దబ్బుమని చప్పుడైంది. తల కొట్టుకున్నాడో, కూలబడినాడో! ఇచ్చినా అన్నాక ఇంకేం చేసేది? "తీసుకోండి" అన్నాను. పెద్దాయన లోటా తీసుకోని నింపాదిగా తాగినాడు. ఖాళీ లోటా అట్లా ఇట్లా ఆడించి నారాయణమ్మకిచ్చినాడు. అప్పుడు వంటింటి వైపు తిరిగినాడు.

"నా నడుం పాతదైపోయింది. ఇంత చెట్టు హైదరాబాద్ దాకా ఎవడు మోస్తడు? ఆ తలుపు ఎనకున్నోన్ని బయటికి రమ్మను. వాడే మోస్తడు."

అవద్ తల వంచుకోని బయటికొచ్చినాడు. పెద్దాయన లేచి వాడి నెత్తి మీద ఒక్కటి పీకినాడు. అదే చేత్తో దగ్గరికి లాక్కున్నాడు. "సొంత ఇంటి పోరడు కప్పు కింద పెట్టి అడగాల్నారా? ఇన్నేండ్ల సంది దర్వాజా తెరిచే పెట్టిన గదరా" అన్నాడు. అవద్ ఏడ్చినాడు, ఆయనా ఏడ్చినాడు. ఎందుకో తెలియకుండా పక్కింటోళ్ళు కూడా ఏడ్చినారు.

కండ్లు తుడుచుకోని నా వైపు తిరిగినాడు పెద్దాయన. "ఆ దినం నువ్వు కప్పు పెట్టినప్పుడు వీని కోసమే వచ్చినవని మేమంతా సమజ్ అయినం. నేను నా బిడ్డనే ఇచ్చిన. నువ్వు చెట్టు తీస్కపోయినవ్."

పరదా వెనక పళ్ళెం ఎందుకు పడిందో అప్పుడర్థమైంది నాకు. పాపం, ఆ పిల్ల ఏమనుకోని ఉంటాదో! ఇన్నాళ్ళూ నన్ను ఎన్ని తిట్లు తిట్టుకోని ఉంటాదో!

అదప్పా సంగతి. చెట్టు ముందర, వెనక అవద్, ఇంకా వెనక చాచా, ముగ్గురూ ఆ సాయంత్రమే బండెక్కినారు. ఓనరుకు చెప్పేదానికి కూడా టైమ్ లేదు. పెండ్లి దగ్గర్లోనే ఉండాది. మర్ఫా డోళ్ళు వాయిస్తారంట, మొగోళ్ళంతా కత్తులు తిప్పుకుంటా ఎగురుతారంట. నన్నూ నారాయణమ్మనూ రమ్మని మరీ మరీ చెప్పి పోయినారు. నారాయణమ్మ ఇప్పుడే ఆర్డర్ వేసేసింది: "ఆడ ఏమిస్తే అది ఇచ్చింది ఇచ్చినట్లే తాగు. ఈ తూరి ఇంకేమన్నా అడిగి తెచ్చినావంటే నిన్నూ దాన్నీ కలిపి వాకిట్లోనే నాటేస్తా." పెండ్లి అయినాక అవద్ వస్తాడు, ఇంజను బిగిస్తాడు, బస్సు కదుల్తాది. అందాకా మీరు ఓపిక పట్టల్ల. నన్ను తిట్టి ఏమి లాభం?

ఏమి రంగప్పా? పని వదిలిపెట్టి వచ్చి నా ముందర అట్ల నిలబడినావే? ఆ తువ్వాలు తలకు చుట్టుకోవడమేంది?

ఓ! నా టీయా? చెప్పే మాటల్లో పడి ముట్టనే లేదప్పా. కింద పెట్టినది పెట్టినట్లే ఉండాది, మీద మీగడ కూడా కట్టింది. ఏమంటాండావు? ఈ అంగట్లో ఉండేది ఏదైనా సరే ఇచ్చినావా? వీళ్ళంతా సాక్షా?

నవ్వద్దండప్పా. సుబ్బన్నా, నువ్వు సైగలు చెయ్యొద్దు, అంగడే అడగమని నువ్వనేది నాకు అర్థమవుతాండాది. ఉండండి, తొందరపెట్టొద్దండి. ఈసారి నాకు మర్యాద తెలుసు. బాగా ఆలోచించి అడుగుతా. రంగప్పా...

రవ్వంత చక్కెర వెయ్యి.